వెచ్చని దేశమున క్రొత్త కాపురము – సాలెపురుగులు, కీటకములు

గృహిణి దేశము మాఱినపుడు ఆమె మొట్టమొదట అలవాటు చేసికొనవలసినది భాష కాదు, బజారు కాదు, ఇల్లు. ఇల్లనగా నాలుగు గోడలును పైకప్పును మాత్రమే కాదు. ఆ గోడల సందులలో, కప్పు క్రింద, పెరటి మట్టిలో మనతోపాటు కాపురముండు ప్రాణులును ఇంటిలోని భాగమే. చలిదేశములలో సంవత్సరమున సగము దినములు ఇవి కంటబడవు. వెచ్చని దేశమునకు వచ్చిన తొలి వేసవిలోనే ఇవి తమ ఉనికిని చాటుకొనును.

ఇంగ్లండు, స్కాట్లండులలో కొన్నియేండ్లు కాపురములు చేసి, పిమ్మట ఉద్యోగార్థమై ఆస్ట్రేలియాకు తరలిన తెలుగు కుటుంబములు నేడు కలవు. వారిలో పలువురకు బల్లి, తేలు, చెద, దోమ క్రొత్తవి కావు, పుట్టినింట చూచినవే. అయినను చలిదేశమున చాలకాలముండి వచ్చినవారికి పాత జాగ్రత్తలు మఱపునకు వచ్చును. పైగా అచ్చటి సాలెపురుగులు మన ఊరివి కావు. చలిదేశమున పుట్టిన పిల్లలకో, బల్లిని చూచినను బెదురే.

మా పినతల్లి కూతురు స్కాట్లండునుండి సిడ్నీ నగరపు ఉత్తరభాగమునకు కాపురము మార్చినపుడు ఆమె చంకలో ఎనిమిది నెలల బిడ్డ. మొదటి నెలలోనే అఱచేతికంటె పెద్దదైన సాలెపురుగొకటి ఉయ్యాల ప్రక్క గోడమీద కనబడినది. ఆనాటినుండి ఆమె రాత్రులు దీపమార్పక, ఉయ్యాల చుట్టును పురుగుల మందు చల్లుచు, కూర్చుండియే తెల్లవార్చెడిది. "అక్కయ్యా, ఈ ఇంట్లో బిడ్డను నేలమీద దింపలేకున్నాను. మళ్లీ ఆ చలిలోకే పోతాము" అని ఫోనులో కంటతడి పెట్టినది. అప్పుడు ఆమెకు చెప్పినవియు, తరువాత అచ్చటికి పోయి రెండు మాసములుండి చూచి తెలిసికొన్నవియు ఇచ్చట వ్రాయుచున్నాను. ఆ బిడ్డకు గోడమీది సాలెపురుగువలన ప్రమాదము లేదు. ఉయ్యాల చుట్టును చల్లిన మందువలన కలదు; పెరటిలోని పూలకుండీ పళ్లెమున నిలిచిన నీటివలన కలదు. కంటికి భయంకరమైనది వేఱు, ఇంటికి హానికరమైనది వేఱు. ఈ రెంటిని వేఱుపఱచి చూచుటయే వెచ్చని దేశమున గృహిణి నేర్వవలసిన మొదటి విద్య.

ఏల ఇన్ని పురుగులు?

కీటకములకును సాలెపురుగులకును మనవలె ఒంటిలో వేడిని పుట్టించి నిలుపుకొను శక్తి సామాన్యముగా లేదు. వెలుపలి వేడిమినిబట్టియే వాని జీవనవేగము. చలిలో గ్రుడ్డు పగులుటకును, పిల్ల పెరుగుటకును చాలకాలము పట్టును. వెచ్చదనమున అదియే కొలది దినములలో ముగియును. వేసవిలో నీట పొదుగబడిన దోమపిల్ల వారము పదిదినములలో రెక్కలు తొడిగి లేచును. చలిదేశపు శీతకాలము ఏటేట ఈ సంతతిని అణచివేయుచుండును. సిడ్నీ, బ్రిస్బేను నగరముల శీతకాలమునకు అంతటి బలము లేదు.

అచ్చటి ఋతువులు మనకు తలక్రిందులని కూడ గుర్తుంచుకొనవలెను. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు వేసవి. మన యింట సంక్రాంతి ముగ్గులు పెట్టునాటికి అచ్చట పురుగుల కాలము నిండుగా నుండును. పెద్దవాన కురిసినచో నేలలోని బొరియలు తడిసి, వానిలోని ప్రాణులు పొడిచోటు వెదకుకొనుచు గడప దాటును. కావున వానవెలిసిన రాత్రి కొంచెము ఎక్కువ జాగ్రత్త కావలెను.

గోడమీది వేటగాడు

క్రొత్తగా వచ్చినవారిని ఎక్కువగా బెదరించునది హంట్స్‌మన్ అను సాలెపురుగు. ఇంగ్లీషున ఆ మాటకు వేటగాడని అర్థము. దీని జాతులలో పెద్దవి కాళ్లు చాచినచో 15 సెంటీమీటర్ల వఱకు వ్యాపించును. శరీరము పలుచనిది, చెట్టు బెరడు క్రింద దూఱుటకు తగినట్లు అమరినది. కావుననే కిటికీ సందునుండియు, తలుపు క్రిందనుండియు సులభముగా లోనికి వచ్చును. ఇది గూడు అల్లి ఎరకై కాచుకొని యుండదు. రాత్రివేళ గోడలవెంట తిరిగి బొద్దింకలను, ఇతర కీటకములను పట్టి తినును. మనుష్యుని చూచినచో పాఱిపోవుటయే దీని స్వభావము. చేతితో నొక్కినపుడో, గ్రుడ్లను కాచుకొనుచున్నపుడో కఱచినను, కొంతసేపు నొప్పియు వాపును తప్ప సామాన్యముగా పెనుహాని కలుగదు.

ఈ జాతి తల్లిని గూర్చి తెలిసినపుడు నాకు దానిపై భయము పోయి మన్నన కలిగినది. అది సుమారు రెండువందల గ్రుడ్లను తెల్లని పట్టుసంచిలో పెట్టి, మూడు వారములు ఆహారము ముట్టక దానిని కాచుకొని యుండును. పిల్లలు వెలువడు వేళకు సంచిని తానే సడలించి దారి చేయును. మన వాఙ్మయమునను సాలెపురుగునకు తక్కువ స్థానము లేదు. శ్రీకాళహస్తి అను పేరులోని 'శ్రీ' సాలెపురుగే. శివుని కొలిచి ముక్తినొందిన ఆ సాలెపురుగు కథను ధూర్జటి మహాకవి తన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున విస్తరించి చెప్పెను. ముండకోపనిషత్తు పరబ్రహ్మమునుండి జగత్తు వెలువడుటకు సాలెపురుగునే ఉపమానముగా గైకొన్నది. అట్టి ప్రాణిని చీపురుతో చావమోదుటకు ముందు ఒక్కక్షణము ఆలోచించుట తగును.

అయినను పడకగదిలో దానిని ఉండనీయవలెనని నేను చెప్పను. వెడల్పైన గాజుగిన్నెను దానిపై మెల్లగా బోర్లింపుడు. గిన్నెకును గోడకును నడుమ దళసరి అట్టముక్కను దూర్పుడు. అట్టతో సహా గిన్నెను తీసికొనిపోయి పెరటిచెట్టు మొదట విడువుడు. రెండుమూడు సార్లు చేసినచో ఇది ఈగను తోలినంత సులభమగును. కారు విషయమున మాత్రము హెచ్చరిక అవసరము. చెట్టుక్రింద అద్దములు దించి నిలిపిన కారులో ఇది చేరి, ఎండ తగులకుండ దించుకొను పలక వెనుక దాగియుండి, ప్రయాణము నడుమ ఒడిలో పడవచ్చును. దాని కాటుకంటె, ఉలికిపడి చక్రము విడుచుటవలన వచ్చు ప్రమాదమే గొప్పది. అట్టిచో కారును నెమ్మదిగా ప్రక్కకు తీసి నిలిపి, అందఱును దిగి, పిమ్మట దాని సంగతి చూడవలెను.

నిజముగా వెఱవదగినవి

సిడ్నీ ప్రాంతపు ఇల్లాలు తప్పక గుర్తుపట్టవలసిన విషపు సాలెపురుగులు ముఖ్యముగా రెండు. ఈ రెంటిని ఎఱిగి, రెండుమూడు అలవాట్లు చేసికొన్నచో తక్కినదంతయు వట్టి భయమే.

మొదటిది రెడ్‌బాక్. ఆడుదాని ఒడలు పెద్ద బఠాణీగింజంత. నల్లగా నిగనిగలాడుచు, వీపుపై ఎఱ్ఱని చార కలిగియుండును. ఇది పొడిగా, చీకటిగా, కదలిక లేని చోటులలో చిక్కుదారముల గూడు కట్టును. తోట కుర్చీల అడుగున, ఖాళీ పూలకుండీలలో, ఉత్తరముల పెట్టెలో, కొంతకాలము వాడని పిల్లల సైకిలు జీను క్రింద దీని నివాసము. గూడు విడిచి మనవెంట పడదు; చూడక చేయి పెట్టినవారినే కఱచును. కాటుపడిన చోట నొప్పి మెల్లగా హెచ్చి, చెమటలు, వికారము కలుగవచ్చును. చల్లని నీటిగుడ్డనో, గుడ్డలో చుట్టిన మంచునో ఉంచి వైద్యునికి చూపవలెను. దీనికి గట్టికట్టు కట్టరాదు. విషము మెల్లగా ప్రాకునదగుటచే కట్టు నొప్పిని హెచ్చించుటకే పనికివచ్చును. దీని విషమునకు విరుగుడుమందు 1956లోనే వాడుకలోనికి వచ్చినది. నేడు వైద్యులు నొప్పి తగ్గించు మందులతో ఆరంభించి, అవసరమైనచో విరుగుడును ఇచ్చెదరు.

రెండవది ఫనెల్‌వెబ్. నేలలో పట్టుదారము పఱచిన గరాటువంటి బొరియలో నుండుటచే ఆ పేరు వచ్చినది. నల్లగా మెఱయు దృఢమైన ఒడలు, క్రిందికి పొడుచు పెద్దకోఱలు దీని గుర్తులు. సిడ్నీ నగరమునకు ఉత్తరమున న్యూకాసిలునుండి దక్షిణమున ఇల్లవారా వఱకు గల ప్రాంతము దీని ముఖ్య నివాసము. ఒక్కటే జాతియని చిరకాలము తలంపబడిన ఈ సిడ్నీ సాలెపురుగు నిజమునకు మూడు జాతులని 2025లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆడుది బొరియ విడిచి ఎక్కువగా రాదు. మగది వెచ్చని నెలలలో ఆడుదానిని వెదకుచు రాత్రులు తిరుగును. ఇంటిలోనికి వచ్చునదియు, ఎక్కువ విషము కలదియు అదియే. ఆ విషము కుక్క, పిల్లులను అంతగా బాధింపదు. మనుష్యుని నరములకు మాత్రము మిక్కిలి ప్రమాదకరము.

ఇట్లనిన తల్లుల గుండె జల్లుమనును. కాని తక్కిన కథయు వినవలెను. 1981కి పూర్వము దీని కాటువలన 13 మరణములు నమోదైనవి. ఆ యేట స్ట్రువన్ సదర్లండు అను వైద్యుడు తన సహచరులతో కూడి విరుగుడుమందును సిద్ధము చేసెను. ఆ తరువాత దీని కాటుచే మరణించినవారు ఒక్కరును లేరు. ఈ మందు తయారగు విధము వింతయైనది. సిడ్నీకి ఉత్తరముననున్న ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్కు అను జంతుశాలకు ప్రజలు తమ యిండ్లలో చిక్కిన ఫనెల్‌వెబ్ మగవానిని సీసాలలో తెచ్చి యిచ్చెదరు. అచ్చట వాని కోఱలనుండి విషము తీసెదరు. ఆ విషమును కుందేళ్లకు కొంచెము కొంచెముగా నెక్కించగా, వాని రక్తమున పుట్టిన ప్రతిశక్తియే విరుగుడగును. భయపడి చంపదలచిన పురుగే సీసాలో చేరి ఒక బిడ్డ ప్రాణమునకు అండయగుచున్నది.

దీని కాటునకు ప్రథమచికిత్సను ఇంటిలో ప్రతివారును నేర్వవలెను. కఱవబడినవారిని నడువనీయక, కదలనీయక ఉంచవలెను. సాగు స్వభావముగల వెడల్పు కట్టుగుడ్డతో కాటునుండి ఆరంభించి ఆ కాలినో, చేతినో మొత్తము బిగువుగా చుట్టి, బద్దకట్టి, 000 అను సంఖ్యకు ఫోను చేయవలెను. గాయమును కోయుట, పీల్చుట కూడదు. విషములను గూర్చిన సందేహములకు 13 11 26 అను సంఖ్య కలదు. ఈ రెండు సంఖ్యలను పెద్ద అక్షరములతో ఫ్రిజ్జు తలుపుపై అంటించి, కట్టుగుడ్డను అందఱికి తెలిసిన చోట నుంచవలెను. ఈ సాలెపురుగు నున్నని గాజును ఎక్కలేదు. కావున గాజుసీసా దానికి మంచి చెఱ. ఈతకొలనులో మునిగి చచ్చినట్లు కనబడినను ఒకదినము వఱకు బ్రతికియుండగలదు, చేతితో తీయరాదు.

అలవాట్లు మూడు చాలును. విడిచిన బట్టలను, తడిగుడ్డలను నేలపై వేయరాదు. బయట ఉంచిన జోళ్లను దులిపి, లోపల చూచి తొడుగవలెను. కన్ను చూడని చోట చేయి పెట్టరాదు. తోటపనికి చేదొడుగులు వేసికొనవలెను. 2000 మొదలు 2013 వఱకు ఆస్ట్రేలియా దేశమున విషప్రాణులవలన సంభవించిన మరణములను వైద్యపరిశోధకులు లెక్కించి చూడగా, అందు సాలెపురుగు కాటుచే పోయిన ప్రాణము ఒక్కటియు లేదు. తేనెటీగ, కందిరీగలు కుట్టుటవలన ఒడలు తట్టుకొనలేక మరణించినవారు మాత్రము ఉన్నారు. తేనెటీగ కుట్టినపుడు ముఖము వాచి, ఊపిరి ఆడనివారి విషయమున క్షణము ఆలస్యము చేయరాదు.

అపవాదు పడినవి

తోకపై తెల్లచుక్కగల వైట్‌టైల్ అను సాలెపురుగు కఱచినచో మాంసము క్రుళ్లునని అచ్చట పెద్దగా చెప్పుకొందురు. నిశ్చయముగా ఆ పురుగే కఱచినదని తెలిసిన 130 మందిని పరీక్షించి 2003లో వైద్యులు ప్రకటించిన వివరములలో అట్టి పుండు ఒక్కరికిని కలుగలేదు. నొప్పి, దురద కలుగునంతే. ఇక గదిమూలలలో సన్నని పొడవైన కాళ్లతో వ్రేలాడు డాడీ లాంగ్‌లెగ్స్ అను సాలెపురుగు లోకమునందెల్ల విషమైనదని ఒక వదంతి. అది నిజము కాదు. పైగా అది రెడ్‌బాకును సైతము తన దారములతో చుట్టి చంపి తినగలదు. ఎత్తైన మూలలలో దానిని ఉండనిచ్చుటయే మేలు.

దోమ – చిన్న శత్రువు, పెద్ద హాని

ఇక నిజమైన శత్రువునొద్దకు వత్తము. సాలెపురుగును చూచి కేకవేయు ఇల్లాలు దోమను చప్పట్లతో కొట్టి మఱచిపోవును. కాని ఆస్ట్రేలియాలో సామాన్యముగా దోమకాటువలన వచ్చు రాస్ రివర్ జ్వరము కీళ్లను పట్టి, వారములు, కొందఱకు మాసములు బాధించును. దానికి ప్రత్యేకమైన మందు గాని, టీకా గాని లేదు. కంగారూ మొదలగు జంతువులనుండి దోమ దీనిని మనకు తెచ్చును. టౌన్స్‌విల్ నగరపు ఏటినిబట్టి దీనికా పేరు వచ్చినది. 1897లో మన సికిందరాబాదున, దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డు రాసుగారికి దీనితో సంబంధము లేదు. అయినను ఆయన మన ఊరిలో కనుగొన్న సత్యమే నేటికిని అన్ని దేశముల గృహిణులకును మార్గదర్శకము.

క్వీన్స్‌లండు ఉత్తరభాగమున డెంగీ మోయు దోమయు కలదు. 2011లో కైర్న్సు నగరమున శాస్త్రజ్ఞులొక క్రొత్త ఉపాయమును ఆరంభించిరి. వొల్బాకియా అను సూక్ష్మజీవిని లోపల ఎక్కించిన దోమలను పేటలలో విడిచిరి. ఆ సూక్ష్మజీవి యున్న దోమలో డెంగీ క్రిమి సరిగా పెరుగదు. ఆ దోమల సంతతి వ్యాపించిన చోటులలో డెంగీ మిక్కిలి తగ్గిపోయినది. దోమను దోమతోనే గెలిచిన యుక్తి ఇది.

ఇంటిలో మన యుక్తి ఇంతకంటె సులభము. నీరు నిలువనీయకుండుటయే. వారమున కొకదినము నియమము పెట్టుకొని పెరడంతయు తిరుగవలెను. పూలకుండీల క్రింది పళ్లెములు, పిల్లల ఆటబొమ్మలు, బోర్లింపని బకెట్లు, ఆకులతో పూడిన చూరుకాలువలు, పక్షులకు పెట్టిన నీటిగిన్నె – వీనిలోని నీటిని పాఱబోసి రుద్ది కడుగవలెను. మనవారు ఎచ్చటికేగినను తులసిని మఱువరు; ఆ తులసికుండీ క్రింది పళ్లెమును ఇసుకతో నింపినచో తడియుండును గాని దోమ పెరుగదు. వాననీటి తొట్టెల నోళ్లకు సన్నని వల బిగింపవలెను. కిటికీలకు జాలితెరలుండును, వాని చిరుగులను మొదటి వారముననే కుట్టింపుడు. సాయంకాలము పిల్లలకు నిండుచేతుల బట్టలు తొడుగుడు. ఒంటికి పూయు దోమలమందు మూడు నెలలలోపు శిశువులకు వాడరాదు. వారికి దోమతెరయే రక్ష. ఎండనుండి కాపాడు పూతయు వాడవలసివచ్చినచో, ముందు దానిని పూసి, పిమ్మట దోమలమందు పూయవలెను.

వంటయింటి దొంగలు

బొద్దింక రోత పుట్టించుటయే కాక, దాని విసర్జనమును, రాలిన పొట్టును పిల్లలకు ఉబ్బసమును హెచ్చించును. గోధుమవన్నె చిన్నబొద్దింక ఆడుది ముప్పది నలుబది గ్రుడ్లుగల సంచిని మోయుచు తిరుగును. ఒకటి రెండు కనబడినపుడే మేలుకొనవలెను. ఇది మన యింట ఎక్కువగా అడుగుపెట్టునది అట్టపెట్టెలతోనే. సామానులు దింపినవెంటనే అట్టపెట్టెలను బయటకు పంపివేయుడు. రాత్రి ఎంగిలి గిన్నెలను తొట్టిలో విడువకుడు. తొట్టి క్రింద గొట్టము గోడలో దూఱు చోటనున్న సందును పూడ్పింపుడు. మందు చల్లినచో ఇవి చెదరి ప్రక్కగదికి పోవును. పిల్లలకందని సందులలో చుక్కచుక్కగా పెట్టు ఎరమందు మేలైనది, తిన్నది గూటికి పోయి చచ్చును.

చీమల దారిని సబ్బునీటితో తుడిచి, అవి వచ్చు రంధ్రమును మూసినచో చాలవఱకు తగ్గును. ముగ్గునకు బియ్యపుపిండి వాడువారు గడప ముందు గాక, కొంచెము దూరమున వాకిట వేసికొన్నచో చీమలకు భూతబలియు నగును, ఇల్లును భద్రముగా నుండును. బ్రిస్బేను పరిసరములలో మాత్రము నిప్పుచీమ యను పరదేశపు చీమను గుర్తింపవలెను. దానిని అచ్చట 2001లో కనుగొన్నారు. గూటిని కదపినచో గుంపుగా పైకెగబ్రాకి కుట్టును. అట్టి చీమలపుట్ట కనబడినచో తాకక, ప్రభుత్వాధికారులకు తెలుపుట ఆ రాష్ట్రపు నియమము.

బియ్యము, కందిపప్పు, సెనగపిండి మన యిండ్లలో ఎక్కువగా నిలువయుండును, వెచ్చదనమున పురుగుపట్టును. సరకు తెచ్చినవెంటనే సంచితో సహా నాలుగు దినములు గడ్డకట్టు పెట్టెలో నుంచినచో లోపలి గ్రుడ్లు నశించును. పిమ్మట తడియాఱిన గాజుసీసాలలో గట్టిమూతపెట్టి దాచవలెను. వేపాకు వేసికొందమని స్వదేశమునుండి ఎండుటాకులు, విత్తనములు పెట్టెలో పెట్టి తీసికొనిపోకుడు. ఆ దేశమున అట్టివానిని రేవుననే అధికారులకు చెప్పి చూపవలెను. దాచినచో జరిమానా తప్పదు.

చెదలు

చెదను చీమలలో చేర్చుట వాడుక. నేటి శాస్త్రము దానిని బొద్దింకకు దాయాదిగా తేల్చినది. మన ఆదికవి పేరే చెదలపుట్టనుండి వచ్చినది. కాని కొయ్యయిండ్లుగల దేశమున పుట్ట పెరటిలో గాక గోడలోపల పెరుగును. పైకి రంగువేసిన దూలము లోపల డొల్లయై యుండవచ్చును. క్వీన్స్‌లండు పాతయిండ్లు కొయ్యగుంజలపై నిలిచియుండును. ప్రతి గుంజ తలపైన పళ్లెమువంటి లోహపు మూత యుండుట చూచి ఇది అలంకారమేమో యనిపించును. కాదు. చెద కొయ్యలోపల దాగి పైకి పోకుండ, ఆ పళ్లెపుటంచు చుట్టి వచ్చునట్లు చేయుటకే అది. అట్లు వచ్చినపుడు దాని మట్టిగొట్టము కంటబడును. శత్రువును చంపుటకంటె వెలుగులోనికి రప్పించుట ముఖ్యమని ఆ పాతకాలపు వడ్రంగులు ఎఱిగిరి.

గోడవెంట అట్టి మట్టిగొట్టము కనబడినచో చెఱిపివేయకుడు, మందు చల్లకుడు. అవి వేఱొక దారి పట్టును. అద్దెయిల్లైనచో యజమానికి, స్వంతయిల్లైనచో నిపుణునికి తెలుపవలెను. సంవత్సరమున కొకసారియైన పరీక్ష చేయింపవలెను. చెదలనష్టమును ఇంటిబీమా సామాన్యముగా భరింపదు. గోడకానించి కట్టెలు పేర్పకుడు.

మందు విషయమున మెలకువ

పురుగును చంపునది బిడ్డ ఊపిరిలోనికిని పోగలదు. పాకాడు బిడ్డ నేలనంటిన చేతిని నోట పెట్టును. ఉయ్యాల దగ్గఱ, పరుపుపై, వంటపాత్రల నడుమ మందు చల్లరాదు. సుద్దముక్కవలె నుండు చీమలమందును పలకబలపముతో ఆడు పిల్లలున్న యింట ఉంచరాదు. బట్టలలో వేయు కలరా ఉండలు ఇంకను జాగ్రత్తగా చూడవలసినవి. వానిలోని నాఫ్తలీను ఆవిరి పట్టిన బట్టలను దులిపి ఎండబెట్టక శిశువునకు తొడిగినచో, జి సిక్స్ పీ డీ అను పదార్థము పుట్టుకతో కొఱవడిన బిడ్డలకు రక్తకణములు చిట్లి, పసిరికలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. ఆ కొఱత మనదేశపు కుటుంబములలోను కనబడునదే. పసిబట్టల పెట్టెలో ఆ ఉండలను అసలే వేయకుడు.

మా చెల్లెలు ఇవి విని, మందుసీసాలను ఎత్తైన అఱలో తాళమువేసి, ఉయ్యాలను గోడకు జానెడు దూరమున జరిపి, దోమతెర కట్టి, తలుపు క్రింది సందునకు రబ్బరుపట్టీ బిగింపించినది. కుండీ పళ్లెములలో ఇసుక పోసినది. ఆ వారముననే దీపమార్పి నిద్రించినది.

గృహస్థుని యింట తెలియకయే ప్రాణిహింస జరుగు చోటులు ఐదని – పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ – మన స్మృతులు లెక్కించి, ఆ దోషము పోవుటకు పంచమహాయజ్ఞములను విధించినవి. హింస పూర్తిగా తప్పదని పెద్దలు ఎఱుగుదురు. దానిని అవసరమునకు మించనీయరాదనియే వారి భావము. దోమను తుడిచిపెట్టుడు, బొద్దింకను వెడలగొట్టుడు, చెదను కనిపెట్టుడు. గోడమీది వేటగానిని మాత్రము గిన్నెతో సాగనంపుడు.

పిల్లలు మన ముఖమును చూచియే భయమును నేర్తురు. తల్లి కేకవేసినచో బిడ్డ ఆ కేకను జీవితమంతయు మోయును. తల్లి నిదానముగా "ఇది హంట్స్‌మన్, దీనిని తాకగూడదు, చూడవచ్చును, అది రెడ్‌బాక్, కనబడినచో అమ్మను పిలువవలెను" అని చెప్పినచో బిడ్డకు వెఱపు పోయి తెలివి మిగులును. సోదరీమణులారా, క్రొత్త దేశమున మనము కట్టుకొను కాపురమునకు గట్టి తలుపుకంటె, జాలితెరకంటె మిన్నయైన రక్ష అట్టి తెలివియే.